చిత్రకారుని కష్టార్జితము

విద్యార్థులారా, పొరుగువాని తోటలోని మామిడిపండ్లు అడుగక కోయుట దొంగతనమని మనమందరము ఎరుగుదుము. మఱి ఒకని ఊహనుండి పుట్టిన చిత్రమును అడుగక అచ్చువేసి అమ్ముకొనుట ఏమగును? ఈ ప్రశ్నకు 1735వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు చట్టసభచేత జవాబు చెప్పించిన చిత్రకారుని చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా విచారింతము.

విలియం హోగార్తు 1697వ సంవత్సరమున లండను నగరమున జన్మించెను. తండ్రి లాటిను నేర్పు ఉపాధ్యాయుడు. శ్రమపడి ఒక నిఘంటువును గూడ రచించెను. కాని కాఫీయంగడి పెట్టి నష్టపడి, అప్పుల నిమిత్తము కొన్ని యేండ్లు చెఱసాలలో నుండెను. పుస్తకవర్తకులు తన తండ్రికి చేసిన అన్యాయమును హోగార్తు జీవితాంతము మఱువలేదు.

అతడు మొదట వెండిపాత్రలపై నగిషీ చెక్కు పని నేర్చెను. పిమ్మట రాగిరేకులపై చిత్రములు చెక్కి, కాగితములపై అచ్చొత్తి అమ్మసాగెను. పరుల చిత్రములను చూచి వ్రాయుటకంటె, వీధులలో కనబడు ముఖములను జ్ఞాపకముంచుకొని వ్రాయుట మేలని అతని మతము. వీధి అందరిది, అందుండి ఏర్చి కూర్చిన చిత్రము మాత్రము అతనిది.

1732వ సంవత్సరమున, పల్లెనుండి లండనుకు వచ్చి చెడిన యొక యువతి కథను ఆరు చిత్రములుగా వెలువరింపగా మిక్కిలి ప్రఖ్యాతి కలిగెను. వెంటనే ఇతరులు వానిని చూచి రేకులు చెక్కి చౌకగా అమ్మజొచ్చిరి. కథ కల్పించు శ్రమ వారికి లేదు. కనుక వెల తగ్గించుట సులభమయ్యెను. శ్రమ ఒకనిది, లాభము వేరొకనిది.

హోగార్తు దుఃఖించి ఊరకుండలేదు. తోడి చిత్రకారులతో గూడి పార్లమెంటునకు విన్నపము చేసికొనెను. తత్ఫలితముగా 1735వ సంవత్సరమున చట్టము పుట్టెను. స్వయముగా కల్పించి చెక్కిన చిత్రముపై 14 సంవత్సరముల హక్కు లభించెను. దొంగప్రతి ఒక్కొక్కదానికి 5 షిల్లింగులు జరిమానా. తండ్రి ధనమును పాడుచేసికొనిన యువకుని గూర్చిన తన 8 చిత్రములను, ఆ చట్టము అమలులోనికి వచ్చువరకు హోగార్తు వెలువరింపక ఆపియుంచెను. అయినను కొందరు కొనువారివలె అతని యింటికి వచ్చి, చూచినదానిని జ్ఞాపకముంచుకొని, ముందుగానే దొంగప్రతులు వెలువరించిరి!

మఱియొక విశేషము గమనింపుడు. అసలు చిత్రముల వెల 2 గినీలు. అది పేదలకు అందనిది. అందుచేత తన అనుమతితోనే చిన్న ప్రతులను రెండున్నర షిల్లింగులకు అమ్మించెను. కావున అతడు ద్వేషించినది ప్రతిని కాదు, అడుగకుండ తీసికొనుటను.

1764వ సంవత్సరమున అతడు మరణించెను. 1767లో చట్టసభ ఆ హక్కును 28 సంవత్సరములకు పెంచి, అతని విధవకు ప్రత్యేకముగా 20 సంవత్సరముల హక్కు నిచ్చెను. మన దేశమున 1957వ సంవత్సరపు చట్టము ప్రకారము ఇట్టి హక్కు చిత్రకారుని జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును నిలుచును.

చిత్రలేఖనపు తరగతిలో మేము మీచేత మాదిరులను చూచి వ్రాయించుచున్నాము గదా, అదియు తప్పేనా యని మీరడుగవచ్చును. కాదు, అది చేతికి అభ్యాసము. ఆ ప్రతిక్రింద మీ పేరు మాత్రమే వ్రాసి, బహుమానమునకు పంపుట తప్పు. ఇకమీదట ప్రతి వ్రాసినప్పుడు అసలు చిత్రకారుని పేరు ముందును, మీ పేరు తరువాతను వ్రాయుడు. మీ స్వంత ఊహతో వ్రాసినది ఎంత వంకరగా నున్నను, దానిని మాకు సంతోషముతో చూపుడు.