థీసిస్ సరే, డేటా ఎక్కడ?

2025 జనవరి 1న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అమల్లోకి వచ్చింది. ముప్పై ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు ఒకే చందాతో తెరుచుకున్నాయి. మూడేళ్లకు కేటాయింపు రూ.6,000 కోట్లు. ఆ వ్యవహారమంతా గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ చూసుకుంటోంది. ఏ జర్నల్ ఉంచాలి, దేన్ని తీసేయాలి అని ఏటా తల పట్టుకునే యూనివర్సిటీ లైబ్రేరియన్‌కు పెద్ద బరువే దిగింది. బరువుతోపాటు విలువ కూడా దిగిపోతుందా అన్నది లైబ్రరీ సైన్స్ చదువుతున్నవాళ్లు ఇప్పుడే వేసుకోవాల్సిన ప్రశ్న. ప్రైవేటు కాలేజీలు ఈ పథకంలోకి ఇంకా రాలేదు కాబట్టి అక్కడ పాత బేరాలు నడుస్తూనే ఉంటాయి. కానీ గాలి ఎటు వీస్తోందో కనిపిస్తూనే ఉంది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చూపించే దారి రీసెర్చ్ డేటా మేనేజ్‌మెంట్. వాడుకలో ఆర్‌డీఎం అంటారు. బ్రహ్మవిద్యేమీ కాదు. పరిశోధకులు పోగుచేసిన కొలతలు, ఇంటర్వ్యూల రికార్డింగులు, ఫొటోలు, ఎక్సెల్ షీట్లు పోకుండా, రేపు ఇంకొకరికి అర్థమయ్యేలా, చూడదగినవాళ్లకే అందేలా చూసుకోవడం.

విల్లియనూరునే తీసుకోండి. పుదుచ్చేరి పట్టణానికి పశ్చిమాన, విల్లుపురం రైలు మార్గం మీద ఉన్న ఊరు. చుట్టుపక్కల ఇంజనీరింగ్, మెడికల్, ఆర్ట్స్ కాలేజీలున్నాయి. దగ్గర్లోనే ఊసుడు చెరువు, అక్కడివాళ్ల మాటలో ఊస్టేరి. 2008లో దాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలంలో అక్కడ పక్షుల్ని లెక్కపెట్టిన ఒక విద్యార్థి షీట్ మీ ముందుందనుకోండి. ఒక గడిలో ‘ఎన్‌కే 240’ అని ఉంది. ఎన్‌కే అంటే నామాల కోడి అని రాసినవాడికి తెలుసు. 240 అనేది ఒక్కొక్కటిగా లెక్కపెట్టిందా, గుంపును చూసి వేసిన అంచనానా? ఏ గట్టు మీద నిలబడి, ఎన్ని గంటలకు? ఐదేళ్లు పోయాక అడుగుదామంటే రాసినవాడు బెంగళూరులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంటాడు. షీట్‌తోపాటు ‘రీడ్‌మీ’ అని ఒక్క పేజీ పెట్టి ఉంటే ఆ లెక్క బతికేది. ఆ పేజీ రాయించడమే సగం ఆర్‌డీఎం.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2014లో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 516 పేపర్ల వెనకున్న డేటా కోసం రచయితలను అడిగి చూసింది. పేపర్ పాతబడేకొద్దీ డేటా మిగిలి ఉండే అవకాశం ఏటా 17 శాతం చొప్పున పడిపోయినట్టు తేలింది.

జాగ్రత్త పడితే ఏమవుతుందో తెలుగు నేల మీదే చూడొచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా డోకూర్ వంటి ఆరు గ్రామాల్లో, ఊరికి నలభై కుటుంబాల చొప్పున ఎంచుకుని, ఏం పండించారు, ఎంత అప్పు చేశారు, ఎన్నాళ్లు కూలికి వెళ్లారు అని అడిగి రాయించడం మొదలుపెట్టింది. రాసేవాళ్లు ఆ ఊళ్లలోనే కాపురం ఉండేవారు. ఆ అంకెలతో ఆర్థికవేత్తలు నేటికీ పేపర్లు రాస్తున్నారు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలతో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం డేటాను యూకే డేటా సర్వీస్‌లో భద్రం చేశారు. విల్లియనూరులో కూర్చున్న విద్యార్థి పేరు నమోదు చేసుకుని దాన్ని దించుకోవచ్చు. పక్క కాలేజీలో నిరుడు పీహెచ్‌డీ పూర్తయినవాళ్ల డేటా మాత్రం దొరకదు. థీసిస్ దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఉంటుంది, దాని ప్రాణం ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉంటుంది.

సరే, ఈ సేవ ఉందని క్యాంపస్‌కు తెలిసేదెలా? మామూలుగా జరిగేది ఒక వర్క్‌షాప్. దీపప్రజ్వలన, శాలువా, గ్రూప్ ఫొటో, చివర్లో సర్టిఫికెట్లు. హాజరు కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. మర్నాడు ఒక్కరూ లైబ్రరీ గడప తొక్కరు. వర్క్‌షాపులు వద్దని కాదు, వాటితో మొదలుపెట్టొద్దంటాను. పరిశోధకులకు డేటా గుర్తొచ్చే ఘడియలు కొన్నే ఉంటాయి. ఆ ఘడియకు లైబ్రేరియన్ ఎదురుగా ఉంటే ప్రచారం దానంతటదే జరుగుతుంది.

అలాంటి చోటు లైబ్రరీలో ఇప్పటికే ఒకటుంది. యూజీసీ 2018 నిబంధనలు వచ్చాక సారూప్యత పది శాతం లోపు ఉందని చూపించే రిపోర్టు లేకుండా థీసిస్ కదలదు. ఆ రిపోర్టు కోసం ప్రతి స్కాలరూ లైబ్రరీ కౌంటర్ దగ్గరకు రావాల్సిందే. యానాం నుంచి వచ్చి చదువుకుంటున్న అమ్మాయి పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడిందనుకుందాం.

“నీ సర్వే షీట్లు ఎక్కడున్నాయమ్మా?”

“ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి మేడమ్.”

“ఇంకో కాపీ?”

“మెయిల్లో ఉండాలండీ... పాతది.”

“నువ్వు వెళ్లిపోయాక మీ గైడ్ గారికి కావాలంటే?”

మూడో ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. రిపోర్టు తయారయ్యేలోపు పక్క బల్ల మీద ఫోల్డర్ సర్దుకోవడం చూపించండి. ఆ అమ్మాయి హాస్టల్‌కు వెళ్లి నలుగురికి చెబుతుంది. పోస్టర్‌కు అంత నోరు లేదు.

రెండో చోటు తరగతి గది. 2019 డిసెంబరులో యూజీసీ ‘రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్’ అనే రెండు క్రెడిట్ల, ముప్పై గంటల కోర్సును పీహెచ్‌డీ విద్యార్థులకు తప్పనిసరి చేసింది. అందులో డేటాబేస్‌ల మీద ఒక భాగమే ఉంది. ఆ గంటలు అడిగి పుచ్చుకోండి. ఉపన్యాసం ఇవ్వొద్దు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లను తెరవమనండి. ‘ఫైనల్’, ‘ఫైనల్2’, ‘సర్ చూసిన ఫైనల్’, ‘ఇదే అసలు ఫైనల్’ అన్న ఫైళ్లు బయటపడి గది నవ్వుల్లో మునుగుతుంది. తేదీ, విషయం, వెర్షన్ వరసలో పేర్లు పెట్టడం ఆ గంటలోనే నేర్పేయొచ్చు.

మెడికల్ కాలేజీల దారి వేరు. ఎండీ విద్యార్థుల షీట్లలో రోగి పేరు, ఫోన్ నంబరు, జబ్బు ఒకే వరసలో ఉంటాయి. షీటు వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇలాంటి అలవాటు సంస్థ మెడకే చుట్టుకోవచ్చు. ఇక్కడ లైబ్రేరియన్ తట్టాల్సిన తలుపు ఎథిక్స్ కమిటీది. దరఖాస్తుతోపాటు ఒక పేజీ డేటా ప్రణాళిక జతచేయాలన్న నిబంధన పెట్టించగలిగితే ఇక ప్రచారం అక్కర్లేదు, అందరూ మీ దగ్గరకే వస్తారు. అన్నిటికంటే గట్టి దారి ఇదేనని నా నమ్మకం. దీనికి ఓపిక కావాలి, ఒక సీనియర్ డాక్టర్ అండా కావాలి.

పుదుచ్చేరిలో బ్యాకప్ గురించి చెప్పడానికి ఈశాన్య రుతుపవనాలను మించిన సాయం లేదు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు ఒక్కరోజులో అర మీటరు దాకా వాన కురిసింది. అక్టోబరు రాగానే ప్రతి విభాగానికీ ఒక్క వాక్యం పంపండి: ‘కింది అంతస్తులో నీళ్లొస్తే మీ ప్రయోగాల రికార్డు ఎక్కడుంటుంది?’ మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అన్న సూత్రం అప్పుడు ఇట్టే బుర్రకెక్కుతుంది.

ఆచార్యుల దగ్గర రెండు అభ్యంతరాలు వింటారు. ఒకటి, “నా డేటా ఎవరైనా ఎత్తుకుపోతే?” భద్రపరచడం వేరు, బయటపెట్టడం వేరు అని ముందే చెప్పాలి. పేపర్ వచ్చేదాకా తాళం వేసుకునే వీలు డేటా దాచే చాలా రిపాజిటరీల్లో ఉంది. ఇంకోటి, “ఇది కంప్యూటర్ సెంటర్ పని కదా?” సర్వర్ వాళ్లది, వివరణ మనది. వాళ్లతో తగవు పెట్టుకోకండి. పాస్‌వర్డు మర్చిపోయిన ప్రొఫెసర్‌ను మొదట చూసేది వాళ్లే, మీ దగ్గరకు పంపేదీ వాళ్లే. ఒకరిద్దరు ఆచార్యులు జెనోడోలో డేటా పెట్టి డీఓఐ, అంటే దానికో శాశ్వత గుర్తింపు సంఖ్య, తెచ్చుకుంటే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న ఆ రిపాజిటరీ ఉచితం.

ఈ ప్రాంతానికి డేటా కొత్తేమీ కాదు. కాలాపట్టులోని పుదుచ్చేరి విశ్వవిద్యాలయ గ్రంథాలయం పేరు ఆనందరంగ పిళ్లైది. ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా ఉండి, 1736 నుంచి 1761 దాకా డైరీ రాసినాయన. కస్తూరి రంగకవి తెలుగులో రాసిన ‘ఆనందరంగరాట్ఛందము’ అంకితం పుచ్చుకున్నదీ ఆయనే. ఎప్పుడు ఏం జరిగిందో తేదీ వేసి రాశాడు కనుకనే చరిత్రకారులు ఆ డైరీని ఈనాటికీ వాడుకోగలుగుతున్నారు. 1955లో మొదలైన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో తాళపత్రాలు, ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలు, ఫొటోల భాండాగారం ఉన్నాయి. పుదుచ్చేరి శైవ తాళపత్రాలకు 2005లో యునెస్కో ‘మెమరీ ఆఫ్ ద వరల్డ్’ గుర్తింపు వచ్చింది. ఇంటర్న్‌షిప్ వెతుక్కునేవాళ్లు ఇలాంటి సంస్థలకు ముందే రాసి చూడాలి.

ఇక ఉద్యోగాల మాట. ‘డేటా లైబ్రేరియన్’ అన్న పేరుతో ప్రకటన పడుతుందని ఎదురుచూస్తే ముసలితనం వస్తుంది. యూనివర్సిటీలో అసిస్టెంట్ లైబ్రేరియన్‌గానో, కాలేజీ లైబ్రేరియన్‌గానో చేరి ఈ పనిని భుజాన వేసుకోవాలి. యూజీసీ 2018 నియామక నిబంధనల ప్రకారం 55 శాతం మార్కులతో లైబ్రరీ సైన్స్ పీజీ, నెట్ కావాలి. నెట్‌లో ఈ సబ్జెక్టు కోడ్ 59. జీతం లెవెల్ 10, అంటే మూలవేతనం రూ.57,700తో మొదలు. ప్రైవేటు కాలేజీలో ఆ అంకె రాదు, ఆశపెట్టుకోకండి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. డేటా వైపు గట్టిగా వెళ్లాలనుకునేవాళ్లు బెంగళూరులోని డీఆర్‌టీసీకి ప్రయత్నించాలి. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1962లో నెలకొల్పిన కేంద్రమది. డిగ్రీలో సైన్సో, స్టాటిస్టిక్సో, అర్థశాస్త్రమో చదివినవాళ్లకు ఈ పనిలో చొరవ ఎక్కువ. పరిశోధకుల మాట వాళ్లకు అర్థమవుతుంది. పుదుచ్చేరిలో పనిచేయాలంటే తమిళం మాట్లాడటం వచ్చి తీరాలి.

రిపాజిటరీలు నడిపే డీస్పేస్, డేటావర్స్ సాఫ్ట్‌వేర్లను సొంత కంప్యూటర్‌లో పెట్టుకుని చూడండి. చిందరవందర షీట్లను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ ఉచితం, వారంలో చేతికొస్తుంది. ఎంఎల్‌ఐఎస్సీ డిసర్టేషన్ కోసం మీరు చేసిన సర్వే ఉంటుంది కదా. జవాబులిచ్చినవాళ్ల అనుమతి ఉంటే, పేర్లు తీసేసి, రీడ్‌మీ రాసి జెనోడోలో పెట్టండి. వచ్చిన డీఓఐని దరఖాస్తులో చదువు వివరాల కిందే రాయండి. ఇంటర్వ్యూ బోర్డులో కనీసం ఒకరైనా అదేమిటని అడుగుతారు.