చక్కెర లేదన్న మాటకు అర్థమెంత?



మన పూర్వులు ఒక వ్యాధికి మధుమేహమని పేరు పెట్టారు. మధువు అనగా తేనె, మేహమనగా మూత్రవిసర్జనము. రోగి మూత్రం తేనెవలె ఉంటుందనీ, దానికి చీమలు మూగుతాయనీ ఆయుర్వేద గ్రంథాలు ఏనాడో గుర్తించాయి. చరక సంహిత ప్రమేహాలను ఇరవై విధాలుగా విభజించింది. వాటి కారణాలను చెప్పేటప్పుడు బెల్లపు వంటకాలతోపాటు కొత్త ధాన్యపు ఆహారాన్నీ, కదలక కూర్చునే సుఖాన్నీ, అతినిద్రనూ కూడ పేర్కొన్నది. కేవలం తీపినే దోషిగా నిలబెట్టలేదు. ఈ విషయం గుర్తుంచుకుంటే, నేడు అంగళ్లలో "షుగర్ ఫ్రీ" అనే ముద్రతో అమ్మే చిరుతిళ్ల స్వరూపం సులభంగా బోధపడుతుంది.

నేనూ మధుమేహ రోగినే. కొన్నేళ్ల క్రితం మా పిల్లలు అటువంటి బిస్కట్లు తెచ్చి ఇచ్చారు. మామూలు బిస్కట్లు రెండు తినడానికే జంకే నేను, చక్కెర లేదు గదా అని నిశ్చింతగా ఆరు తిన్నాను. రెండు గంటల తర్వాత ఇంట్లోని యంత్రంతో రక్తపరీక్ష చేసుకుంటే అంకె 200 దాటింది. శాస్త్రం చదువుకున్నవాణ్ణి గనుక శబ్దం మీద నాకు గౌరవం మెండు. ఆనాడు శబ్దాన్ని నమ్మాను. ప్రత్యక్షం దాన్ని ఖండించింది. ఆలోచించగా తెలిసినదేమంటే, ప్యాకెట్టు అబద్ధమాడలేదు. అది చెప్పని అర్థాన్ని నేనే ఊహించుకున్నాను. ఇక్కడ కుండ లేదన్నంత మాత్రాన వస్త్రం కూడ లేదని తర్కం ఒప్పుకోదు గదా! చక్కెర లేదంటే పిండి కూడ లేదని కాదు.

బిస్కట్టుకు ఆధారం మైదా. మైదాలో అధికభాగం పిండిపదార్థం. పిండిపదార్థమంటే గ్లూకోజు అణువులు పూసలవలె కూర్చుకొన్న దండ. మన జీర్ణరసాలు ఆ దండను తెంపి, పూసలను విడదీసి రక్తంలోకి పంపుతాయి. నాలుకకు తీపి తెలియకపోవచ్చు గాని, రక్తానికి చేరేది గ్లూకోజే. ఎనిమిది గ్రాముల బిస్కట్లు ఆరు తింటే దాదాపు 30 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతుంది. ఇది ఆరు చెంచాల చక్కెరతో సమానమైన తూకం.

మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం, నూరు గ్రాముల పదార్థంలో చక్కెరలు అర గ్రాముకు మించకుంటేనే "షుగర్ ఫ్రీ" అని ముద్రించవచ్చు. ఈ నియమం చక్కెరలకే గాని పిండిపదార్థానికి కాదు. కాబట్టి ప్యాకెట్టు ముందువైపు పెద్ద అక్షరాలను వదలి, వెనుకవైపు పట్టికలో "కార్బోహైడ్రేట్" అనే వరుసను చదవాలి. "చక్కెర కలపలేదు" అనే మాట వేరు. అక్కడ పాలలోనో పండ్లలోనో సహజంగా ఉన్న చక్కెర ఉండనే ఉంటుంది. చక్కెరకు బదులు బెల్లం, తేనె, ఖర్జూరం వాడామని చెప్పే మిఠాయిల సంగతీ ఇంతే. ఇవన్నీ రక్తంలో గ్లూకోజును పెంచేవే.

ఇక తీపి కోసం కలిపే ద్రవ్యాలు. శాకరిన్, సుక్రలోజ్, స్టీవియా వంటివి స్వయంగా రక్తంలో గ్లూకోజును పెంచవు. మాల్టిటాల్, సార్బిటాల్ వంటివి చక్కెర కంటె తక్కువగా, నెమ్మదిగా పెంచుతాయి. అతిగా తింటే కడుపు ఉబ్బి విరేచనాలౌతాయి. దర్శనపు వరుసలో నిలబడేవారు ఈ సంగతి మరువరాదు. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడికి తీపి అంతగా ఉండదు. అయినా అది గ్లూకోజు వలెనే వేగంగా రక్తంలో చేరుతుంది.

పిండిపదార్థం నిజంగా తక్కువగా ఉన్న చిరుతిండి కోసం దూరం పోనక్కరలేదు. వేరుశెనగలు, బాదం పప్పులు గ్లూకోజును స్వల్పంగానే పెంచుతాయి. కాని నూరు గ్రాముల వేరుశెనగలలో 560 కెలోరీలకు పైగా శక్తి ఉంటుంది గనుక గుప్పెడుతో ఆపాలి. 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు ఏ ఆహారం ఎంత వేగంగా గ్లూకోజును పెంచుతుందో తెలిపే సూచికను ప్రకటించారు. అందులో శనగలు తక్కువ స్థాయిలో నిలిచాయి. వాటిలో పిండిపదార్థం ఉన్నా, పీచు, మాంసకృత్తులు తోడై దాని వేగాన్ని తగ్గిస్తాయి. మన దేవాలయాలలో పంచే శనగ గుగ్గిళ్ల విలువ ఇది. ప్రసాద వితరణకు విరాళమిచ్చే దాతలు చక్కెర పొంగలితోపాటు గుగ్గిళ్లను కూడ తలచుకుంటే ఎందరో వృద్ధులకు మేలు చేసినవారౌతారు. దీనికి భిన్నంగా, ఉపవాస దినాన అన్నం మాని తినే సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుండి తీసిన పిండి. దాదాపు అంతా పిండిపదార్థమే. మధుమేహులకు అది అన్నం కంటె తేలికైన పలహారం కాదు.

ఇంతవరకు చెప్పినది గ్లూకోజు పెరగడం గురించి. అది పడిపోవడం ఇంకా తొందరగా ప్రాణం మీదికి తెస్తుంది. ఒక యాత్రలో నా సహాధ్యాయి ఒకరు ఉదయం మధుమేహపు మాత్ర వేసుకొని, దర్శనమయ్యేవరకు ఏమీ తినరాదని నియమం పెట్టుకున్నారు. వరుసలో రెండు గంటలు గడిచేసరికి ఆయనకు చేతులు వణికాయి, చెమటలు పోశాయి, మాట తడబడింది. వెంట ఉన్నవారు కంగారుగా సంచి వెదికి చక్కెర లేని చాక్లెట్టు నోట పెట్టారు. ఫలితం కనిపించలేదు. పక్కనున్న తల్లి ఒకామె చక్కెర నీళ్లు కలిపి తాగించిన కొద్దిసేపటికి ఆయన తేరుకున్నారు. చక్కెర కావలసిన క్షణాన చక్కెర లేని తిండి ఎందుకు పనికివస్తుంది?

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు యాత్రకు బయలుదేరేటప్పుడు నిజమైన చక్కెరనో గ్లూకోజు పొడినో కొంగున కట్టుకోవాలి. రక్తంలో గ్లూకోజు 70 కంటె తగ్గినా, పై లక్షణాలు కనిపించినా, 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీటిలో కలిపి తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించి, తగ్గే ఉంటే మరల అంతే తీసుకోవాలి. కోలుకున్న పిదప కొంత ఆహారం తినాలి. స్పృహ తప్పినవారి నోట మాత్రం ఏమీ పోయరాదు. వెంటనే వైద్యుని వద్దకు చేర్చాలి. ఉపవాసం చేయదలచినవారు ముందుగా వైద్యుని అడిగి, మాత్రల మోతాదు నిర్ణయించుకోవడం అవశ్యం.

ప్రసాదాన్ని కాదనమని నేను చెప్పను. అది కణమాత్రమైనా ప్రసాదమే. దొన్నె నిండా ఉండనక్కరలేదు. మిగిలిన తిండి విషయంలో మాత్రం ముద్రించిన మాటను చదవండి, అది చెప్పనిదేమిటో అడగండి, తిన్న రెండు గంటలకు రక్తాన్ని పరీక్షించుకోండి. ఇక్కడ ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం లేదు.

స్వస్తి.