పంపిన ఫోటో తిరిగి వస్తే: విమాన ఛాయాచిత్రాలు నేర్పే పాఠం



బీదరు జిల్లాలో పుట్టి పెరిగిన పిల్లలకు విమానం చప్పుడు కొత్త కాదు. బీదరులోని వైమానిక దళ స్థావరం పైలట్లకు శిక్షణనిచ్చే కేంద్రం. 2008 ఫిబ్రవరిలో హాక్ జెట్ శిక్షణ విమానాలను అక్కడే లాంఛనంగా దళంలో చేర్చుకున్నారు. 1996లో ఏర్పడిన సూర్యకిరణ్ విన్యాసాల బృందానిదీ ఆ స్థావరమే. 2011లో ఆగిన ఆ బృందం తర్వాత హాక్ విమానాలతో మళ్ళీ మొదలైంది. పౌర విమానాలు మాత్రం బీదరుకు 2020 ఫిబ్రవరిలోనే వచ్చాయి.

ఈ జిల్లాలోని ధన్నూరలో పి.యు.సి. చదివే ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. చప్పుడు వినగానే మేడ ఎక్కుతాడు. మామయ్య దగ్గర పాత కెమెరా ఉంది. విమానాల ఫోటోలు పెట్టే ప్రపంచ ప్రసిద్ధ సైట్లలో తన పేరు చూసుకోవాలని అతని కోరిక. ఒకటి పంపాడు, తిరస్కరించారు. ఇంకొకటి పంపాడు, మళ్ళీ తిరస్కరించారు. "మన ఊరి వాళ్ళవి ఎవరు తీసుకుంటారులే" అని కెమెరా పక్కన పెట్టేశాడు.

ఆ అబ్బాయి ఎక్కడ పొరపాటు పడ్డాడో, ఫోటో కంటే ముందు ఏం తెలుసుకోవలసి ఉందో ఈ పాఠంలో చూద్దాం.

ఈ సైట్లు ఏమిటి?

ఫోటో ఇస్తే చాలు పెట్టేసే సైట్లు చాలా ఉన్నాయి. ఎయిర్‌లైనర్స్.నెట్, జెట్‌ఫోటోస్ వంటివి ఆ రకం కావు. ఎయిర్‌లైనర్స్.నెట్‌ను 1997లో స్వీడన్‌కు చెందిన యోహాన్ లుండ్‌గ్రెన్ ప్రారంభించారు. ఫ్లైట్‌రాడార్24లో ఒక విమానం మీద నొక్కితే కనిపించే ఫోటోలు జెట్‌ఫోటోస్ నుంచి వచ్చేవే. ఇక్కడికి వచ్చిన ప్రతి ఫోటోను పరిశీలకులు చూస్తారు. వారు విమానాల మీద ఇష్టంతో ఈ పని చేసే స్వచ్ఛంద కార్యకర్తలు. నియమాలకు సరిపోతే తీసుకుంటారు, లేకపోతే కారణం చెప్పి తిప్పి పంపుతారు.

స్కాలర్‌షిప్ దరఖాస్తు సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆదాయ ధృవపత్రం జత చేయకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది. అంటే విద్యార్థి తెలివిలేనివాడని అర్థమా? కాదు, ఒక కాగితం తక్కువైందని మాత్రమే అర్థం. ఫోటో తిరిగి రావడం కూడా అంతే.

మొదటి పాఠం: ఎక్కడ తీయకూడదు

కెమెరా పట్టుకోవడానికి ముందే ఈ భాగం చదవాలి. మన జిల్లా పిల్లలకు ఇదే అన్నిటికంటే ముఖ్యం.

మనకు అందరికంటే దగ్గరగా కనిపించే విమానాలు వైమానిక దళానివి. స్థావరాన్ని, అక్కడి రన్‌వేను, నిలిపి ఉంచిన విమానాలను, ప్రహరీని ఫోటో తీయకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇలాంటి చోట్లను నిషిద్ధ ప్రదేశాలుగా లెక్కిస్తుంది. హైదరాబాదు దగ్గరి దుండిగల్, హకీంపేట స్థావరాలకూ ఇదే వర్తిస్తుంది. బీదరు పౌర విమానాశ్రయం కూడా ఆ స్థావరంలోని రన్‌వేనే వాడుకుంటుంది. కాబట్టి టికెట్ కొనుక్కొని వెళ్ళే ప్రయాణికులు కూడా అక్కడ దిగేటప్పుడు, లేచేటప్పుడు కిటికీలోంచి ఫోటోలు తీయరాదు.

మామూలు పౌర విమానాశ్రయాల నుంచి సాగే ప్రయాణాల్లో ప్రయాణికులు విమానం లోపలి నుంచి ఫోటోలు తీసుకోవచ్చని, అయితే భద్రతకు భంగం కలిగించరాదని, సిబ్బంది వద్దంటే ఆపాలని 2020 సెప్టెంబరులో డి.జి.సి.ఏ. వివరణ ఇచ్చింది. ఆ వెసులుబాటు ఉంది కదా అని రక్షణ శాఖ విమానాశ్రయంలో కెమెరా తీయకండి.

"ఫలానా సైటులో ఇలాంటి ఫోటోలు ఉన్నాయి కదా" అని కొందరు అడుగుతారు. సైటు తీసుకున్నంత మాత్రాన మన చట్టం ఒప్పుకున్నట్టు కాదు. పరిశీలకులు ఫోటో నాణ్యత చూస్తారు. మీకు అనుమతి ఉందా లేదా అన్నది మీరు చూసుకోవలసిన విషయం. ఇంకో సంగతి, సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటోలో ఎక్కడ, ఎన్ని గంటలకు తీశారన్న సమాచారం లోపలే దాగి ఉండవచ్చు.

ఇది ఉత్త బెదిరింపు కాదు. 2001 నవంబరులో గ్రీసులోని కాలమాటాలో ఒక వైమానిక స్థావరం దగ్గర పన్నెండు మంది బ్రిటిష్ వారిని, ఇద్దరు డచ్ వారిని గూఢచర్యం ఆరోపణతో అరెస్టు చేశారు. వారంతా విమానాలు చూసి నంబర్లు రాసుకొనే సరదా ఉన్నవారు. కొన్ని వారాలు జైల్లో ఉన్నారు. 2002 ఏప్రిల్‌లో శిక్ష పడింది, నవంబరులో అప్పీలు కోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. చివరికి న్యాయం జరిగినా ఏడాది కాలం కోర్టుల చుట్టూనే గడిచింది. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విమానాశ్రయం దగ్గరి హోటల్లో ఉండి విమానాల రేడియో మాటలు విన్న ఇద్దరు బ్రిటిష్ వారు పట్టుబడ్డారు. జరిమానా కట్టి ఇల్లు చేరేసరికి సుమారు రెండు నెలలు పట్టింది. పరీక్షలు, ఉద్యోగాల దరఖాస్తులు ముందున్న విద్యార్థికి అలాంటి రెండు నెలలు ఎంత నష్టమో ఆలోచించండి.

మరి ఎక్కడ తీయాలి?

అవకాశాలు లేకపోలేదు.

బెంగళూరు యెలహంకలో 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శన జరుగుతోంది. టికెట్ తీసుకొని, నిర్వాహకుల నియమాల ప్రకారం నడచుకుంటే సూర్యకిరణ్ వంటి బృందాల విన్యాసాలను అక్కడ ధైర్యంగా తీయవచ్చు. హైదరాబాదు బేగంపేటలో పౌర విమానాల ప్రదర్శన జరుగుతుంది. 2008లో ఇండియా ఏవియేషన్ పేరుతో మొదలైనది ఇప్పుడు వింగ్స్ ఇండియా అయింది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో టి.యు.142 విమానాన్ని 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా చూపిస్తున్నారు. ఇలాంటి చోట్ల కూడా కెమెరా నియమాలేమిటో ముందే కౌంటరు దగ్గర అడగండి.

పెద్ద పౌర విమానాశ్రయాల బయట నిలబడి తీయాలనుకుంటే ముందుగా అక్కడి భద్రతా సిబ్బందిని అడగండి. వద్దంటే వాదించకుండా వచ్చేయండి. కళాశాల గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. పెద్దవారిని తోడు తీసుకెళ్ళండి.

అభ్యాసానికి విమానమే ఉండనక్కర లేదు. ధన్నూర పొలాల మీద తిరిగే గద్దను పదునుగా తీయగలిగితే విమానం కష్టం కాదు. రోడ్డు మీద వెళ్ళే బస్సును, కెమెరాను దానితోపాటు తిప్పుతూ, పేరు పలక చదవగలిగేలా తీయండి. వంద ఫోటోల్లో పది బాగా వస్తే మీ చెయ్యి కుదిరినట్టే.

ఎందుకు తిప్పి పంపుతారు?

సాధారణంగా చెప్పే కారణాలు ఇవి. ఒక్కొక్కదానికీ విరుగుడు ఉంది.

1. వంకర. నేల ఒకవైపు ఒరిగి ఉండటం. ఫోటోలో ఉన్న స్తంభం గాని, భవనం అంచు గాని నిట్టనిలువుగా ఉందో లేదో చూసి సరిచేయాలి. రన్‌వే గీతను నమ్మకండి, అది వాలుగా ఉండవచ్చు.

2. పదును లేకపోవడం. జెట్ విమానానికి షట్టర్ వేగం సెకనులో 500వ వంతు, అంతకంటే ఎక్కువ ఉంటే మంచిది. ఏ.టి.ఆర్. వంటి పంకా విమానానికి మాత్రం 125 నుంచి 250వ వంతు మధ్య ఉంచాలి. వేగం మరీ పెంచితే పంకా తిరగకుండా ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

3. ఎండ సెగ. మధ్యాహ్నం వేడెక్కిన నేల మీది గాలి కదలడం వల్ల విమానం నీళ్ళలో ఉన్నట్టు వణుకుతుంది. దీన్ని ఏ లెన్సూ, ఏ కంప్యూటరూ బాగుచేయలేవు. మన దక్కను ఎండల్లో ఉదయం పూట తీయడమే మందు. దూరం తగ్గితే సెగ కూడా తగ్గుతుంది.

4. మచ్చలు. కెమెరా లోపల చేరిన దుమ్ము ఆకాశంలో బూడిద రంగు చుక్కలుగా పడుతుంది. కంప్యూటరులో కాంట్రాస్టు బాగా పెంచి చూస్తే దాగిన చుక్కలు బయటపడతాయి. వాటిని తుడిచి, తిరిగి మామూలు స్థాయికి తేవాలి.

5. వెలుతురు. మరీ చీకటి, లేదా తెల్లటి విమానం మీద వివరాలు మాసిపోవడం. హిస్టోగ్రామ్ అనే పటం చూడటం నేర్చుకోండి. ఎడమ అంచుకు గుమిగూడితే చీకటి, కుడి అంచుకు గుమిగూడితే వెలుగు ఎక్కువ.

6. అతి దిద్దుబాటు. పదును పెంచుతూ పోతే రెక్క అంచున తెల్లటి గీత, మెట్లు మెట్లుగా గరుకు కనిపిస్తాయి. కూరలో ఉప్పు లాగానే ఇదీ తగినంతే వేయాలి.

7. అమరిక. విమానం చట్రం మధ్యలో లేకపోవడం, తోక కొస తెగిపోవడం, ముందు కంచె అడ్డం రావడం.

8. పరిమాణం. చాలా చిన్న ఫోటోను తీసుకోరు.  పంపే ముందు ఆ సైటు నియమాల పేజీ పూర్తిగా చదవండి.

వివరాలు తప్పితే ఫోటో తప్పినట్టే

ఈ సైట్లు ఒక రకంగా గ్రంథాలయాలు. విమానం రకం, సంస్థ, రిజిస్ట్రేషన్ అక్షరాలు, స్థలం, తేదీ సరిగా ఉంటేనే రేపు ఇంకొకరు వెతుక్కోగలరు. భారతీయ పౌర విమానాల రిజిస్ట్రేషన్ వి.టి. తో మొదలై మూడు అక్షరాలతో ముగుస్తుంది. ఫోటో పెద్దది చేసి చూసి ఒక్కొక్క అక్షరం రాసుకోండి. ఎయిర్‌బస్ ఎ320కి, ఎ320 నియోకి తేడా దూరం నుంచి తెలియదు. ఇంజను పరిమాణం చూడండి, నియోది పెద్దది. ఇలా పోల్చి చూడటమే సైన్సు విద్యార్థికి కావలసిన చూపు.

మీరు తీసిన ఫోటో మాత్రమే పంపండి. మన కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ఛాయాచిత్రానికి తీసినవారి జీవితకాలమంతా, వారి మరణం తర్వాత 60 ఏళ్ళ వరకు రక్షణ ఉంది. ఇతరుల ఫోటో మీ పేరుతో పంపడం పరీక్షలో కాపీ కొట్టడంతో సమానం. అలాగే మీ ఫోటో ఎవరైనా అడగకుండా వాడుకుంటే ప్రశ్నించే హక్కు మీకూ ఉంది.

తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలి?

ఆ రోజు జవాబు రాయకండి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. మూడు గడులు గీసి తేదీ, తిరస్కరించిన కారణం, మీరు చేసిన దిద్దుబాటు రాయండి. పది ఫోటోలు అయ్యాక చూస్తే ఒకే కారణం నాలుగైదు సార్లు కనిపిస్తుంది. అది మీ బలహీనత. దాని మీదే నెల రోజులు పని చేయండి.

కొన్నిసార్లు పరిశీలకులు కూడా పొరబడతారు. అందుకే అప్పీలు చేసుకొనే ఏర్పాటు ఉంది. "నా ఫోటో బాగుంది" అని రాస్తే లాభం లేదు. "వెనుక భవనం అంచు నిలువుగా ఉంది, నేల మాత్రమే వాలుగా ఉంది" అని ఆధారం చూపి, రెండు వాక్యాల్లో మర్యాదగా రాయండి. ఇలా రాయడం అలవాటైతే రేపు స్కాలర్‌షిప్ కార్యాలయానికో, విశ్వవిద్యాలయానికో అర్జీ రాయవలసి వచ్చినా మీ చెయ్యి వణకదు.

ధన్నూర అబ్బాయి దగ్గరికి మళ్ళీ వద్దాం. అతని మొదటి ఫోటో వంకరగా ఉందని, రెండోది మధ్యాహ్నం ఎండలో తీసిందని వెనక్కి వచ్చాయి. రెండు కారణాల్లోనూ ఊరి పేరు లేదు, ఇంటి పేరు లేదు. మొదటిది రెండు నిమిషాల్లో సరిచేయవచ్చు. రెండోదానికి ఇంకో రోజు తెల్లవారుజామున లేవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లవాడు ఆకాశం వైపు చూస్తే చదువు పాడవుతుందని భయపడకండి. అలాగని అప్పు చేసి ఖరీదైన కెమెరా కొనిపెట్టకండి. పైన చెప్పిన తప్పుల్లో ఎక్కువ భాగం పాత కెమెరాతోనే దిద్దుకోవచ్చు. మీరు చేయవలసినవి మూడే. ఎక్కడికి వెళుతున్నాడో తెలుసుకోండి. స్థావరం గోడ వైపు కెమెరాతో వెళ్ళనివ్వకండి. ఫోటో తిరిగి వచ్చిన రోజు "నీకెందుకురా ఇవన్నీ" అనకుండా "కారణం ఏం రాశారు?" అని అడగండి.

అభ్యాసం

1. ఈ వారం ఇరవై గద్దల ఫోటోలు తీయండి. తిరస్కరించదగిన వాటికి పై జాబితాలోని కారణం సంఖ్య వేయండి.

2. ఫోటో తీయకూడని స్థలాలు మీ ఊరి చుట్టుపక్కల ఏవేవి ఉన్నాయో పెద్దలను అడిగి రాయండి.

3. మీకు గతంలో తిరిగి వచ్చిన ఒక దరఖాస్తును గాని, జవాబు పత్రాన్ని గాని తీసి, కారణం ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. దాన్ని సరిచేయడానికి ఎంత సమయం పడుతుందో పక్కనే రాయండి.

మూడో ప్రశ్నకు జవాబు రాసి ఇంట్లో అమ్మానాన్నలకు చూపించండి.