భారతానికి పిల్లల్ని పంపకండి, తీసుకెళ్ళండి

పరీక్షలు అయిపోగానే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఈతకు పంపాలా, అబాకస్‌లో చేర్చాలా, ఫలానా క్యాంపు ఫీజు ఎంత అని. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఉంటున్న తల్లిదండ్రులకూ, బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేసుకుంటూ సెలవులకు అక్కడి సొంతూరు చేరే వాళ్ళకూ నాదొక సూచన. ఎండాకాలంలో మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో భారతం పెడతారు. టికెట్ లేదు, ముందుగా పేరు రాయించుకునే పని లేదు. చాప పట్టుకుని వెళ్ళి కూర్చోవడమే.

పుత్తూరు, నగరి, పలమనేరు, కుప్పం ప్రాంతాల వాళ్ళకు దీని గురించి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో మామూలుగా 18 రోజులు ఈ ఉత్సవం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ. భాగవతారు ఆ రోజు కథ చెబుతారు. రాత్రి అదే కథను వీధి నాటకంగా ఆడతారు. భోజనాల తర్వాత మొదలైతే తెల్లవారే దాకా సాగుతుంది. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. ఖర్చంతా ఊరిదే. ఒక్కో రోజు ఉభయం, అంటే ఆ రోజు ఖర్చు భరించే వంతు, ఒక్కో కుటుంబానిదో, వీధిదో, కులానిదో ఉంటుంది. మిగిలినది చందాలతో నడుస్తుంది.

ఇంత పెద్ద నాటకోత్సవం ఇంటి ముందుకే వస్తే మనలో చాలామంది చేసే పని ఒకటే. పిల్లల్ని అవ్వతో పంపించి మనం ఇంట్లో పడుకుంటాం. లేదా మనమే వెళ్ళి, నిద్ర చెడుతుందని పిల్లల్ని ఇంట్లో వదిలేస్తాం. రెండూ వద్దంటాను. తీసుకెళ్ళండి, పక్కన కూర్చోండి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

అన్ని రాత్రులూ చూపించాల్సిన పని లేదు. వయసును బట్టి రెండు మూడు ఎంచుకోండి. ఐదారేళ్ళ పిల్లలకు బకాసుర వధ చాలా బాగుంటుంది. భీముడు బండెక్కి వీధి వీధీ తిరుగుతాడు. ఎద్దుల బండి దొరకని చోట ఇప్పుడు ట్రాక్టరే బండి. ఇంటింటి వాళ్ళూ అన్నం, పిండివంటలు తెచ్చి ఆ బండిలో పెడతారు. ఇది పగటి పూట జరిగే వేడుక కాబట్టి నిద్ర గొడవ ఉండదు. బండి మీ వాకిట్లోకి వచ్చినప్పుడు ఆ గిన్నె మీరు ఇవ్వకుండా పిల్లవాడి చేత ఇప్పించండి. నాటకంలో వాడికీ ఒక పాత్ర దొరికినట్టే. ద్రౌపదీ కల్యాణం, సుభద్రా కల్యాణం కూడా చిన్నవాళ్ళు కూర్చుని చూడగలిగేవే.

ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు అర్జున తపస్సు చూపించండి. ఎత్తయిన మాను నాటి, దానికి మెట్లు కొట్టి ఉంచుతారు. అర్జున వేషధారి మెట్టుకో పద్యం పాడుతూ పైకి ఎక్కుతుంటాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో నేల మీద సాగిలపడి ఉంటారు. దాన్నే అక్కడ వరపడటం అంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మపండు, పూలు, విభూతి కోసం వాళ్ళ ఎదురుచూపు. “వాళ్ళెందుకు పడుకున్నారు?” అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. కసిరి నోరు మూయించకండి. బిడ్డ కావాలని మొక్కుకుంటున్నారని ఉన్నమాట చెప్పండి. ఆ మాట చెప్పేటప్పుడు మీ గొంతులో వెటకారం కానీ జాలి కానీ ధ్వనించకుండా చూసుకోండి. పిల్లలు లేని వాళ్ళతో ఎలా మాట్లాడాలో మీ పిల్లలు మీ గొంతు నుంచే నేర్చుకుంటారు.

పది పన్నెండేళ్ళు వచ్చాక వస్త్రాపహరణం, కీచక వధ, రాయబారం, అభిమన్యుడి కథ చూపించవచ్చు. వస్త్రాపహరణం ఆడే రాత్రి ఆడపిల్లను ఇంట్లో ఉంచి మగపిల్లవాణ్ణి తీసుకెళ్ళే ఇళ్ళున్నాయి. ఇద్దర్నీ తీసుకెళ్ళండి. నిజానికి ఆ రాత్రి మగపిల్లవాడి పక్కన పెద్దవాళ్ళు ఉండటం మరీ అవసరం. సభలో ద్రౌపది ప్రశ్న అడుగుతుంది. తన్ను తాను ఓడిపోయిన వాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది అని. భీష్ముడంతటివాడు కూడా ధర్మం సూక్ష్మం అంటూ తేల్చి చెప్పలేకపోతాడు. మర్నాడు ఏ పన్నెండేళ్ళ పిల్లవాడైనా “అంతమంది పెద్దవాళ్ళుండి ఎవరూ ఎందుకు ఆపలేదు?” అంటే వెంటనే సమర్థనలు వెతక్కండి. “ఆపాల్సింది. ఆపకపోవడం తప్పే” అనండి. పెద్దల తప్పును తప్పని ఒప్పుకునే ఇంట్లో పిల్లలు, రేపు తమకేదైనా జరిగితే దాచకుండా చెప్పుకుంటారు.

భయం సంగతి. కీచకుడి కేకలు, రంగు పూసిన ముఖాలు, మైకులో పెడబొబ్బలు చిన్నపిల్లల్ని దడిపిస్తాయి. భయపడిన బిడ్డను “ఇంతోటి దానికేనా?” అని నలుగురిలో నవ్వులపాలు చేయకండి. ఒళ్ళోకి తీసుకోండి. తట్టుకోలేకపోతే ఇంటికి తీసుకొచ్చేయండి, మిగతా కథ మీరే చెప్పండి. అసలు మందు ఇంకొకటుంది. వేషాలు కట్టుకునే చోటికి ముందే తీసుకెళ్ళండి. సాయంత్రం పెట్టెలు దించి, రంగులు కలుపుకుని, కొయ్యతో చేసిన కిరీటాలూ భుజకీర్తులూ బిగించుకుంటున్నప్పుడు, కళాకారుల అనుమతి అడిగి ఒక పక్కన నిలబెట్టండి. టీ తాగుతూ కబుర్లు చెబుతున్న మామూలు మనిషి చూస్తుండగానే దుర్యోధనుడవుతాడు. ద్రౌపది వేషం కడుతున్నది మగమనిషి అని తెలిసి పిల్లలు నోరెళ్ళబెడతారు. అది చూసిన బిడ్డ రాత్రి భయపడినా కొంచెమే భయపడుతుంది. వేషగాణ్ణి సెల్ఫీలకు లాగడం మాత్రం వద్దు. రాత్రంతా నిలబడి పాడాల్సిన గొంతు అది. “అన్నా, బాగా చేస్తావంట గదా” అని పలకరించి రావడం నేర్పితే చాలు.

నిద్ర గురించి అంత బెంగ పడకండి. ఆ రోజు మధ్యాహ్నం ఎండ తగ్గే దాకా పడుకోబెట్టండి. నాటకం జరిగే చోట చాప పరిచి, దుప్పటీ దిండూ పెట్టండి. నిద్రొస్తే అక్కడే పడుకుంటారు. మృదంగం గట్టిగా మోగినప్పుడో, ఇద్దరు తెర పట్టగా దాని వెనకనుంచి కొత్త పాత్ర పాట అందుకున్నప్పుడో లేస్తారు. ముఖ్యమైన ఘట్టానికి లేపుతానని మాటిస్తే మాత్రం తప్పక లేపండి. తెల్లవారి “నువ్వు మొద్దునిద్ర పోయావు” అంటే ఆ పిల్లకు మీ మీద ఉండే కోపం న్యాయమైనదే. మర్నాడు ఏ ట్యూషనూ పెట్టకండి.

పద్యం అర్థం కాలేదని కంగారు పడకండి. పక్కన కూర్చుని ప్రతి మాటకూ వ్యాఖ్యానం చెబితే బిడ్డ చెవి మీ వైపే ఉండిపోతుంది. కథ ముందుగా చెప్పాలనుకుంటే మధ్యాహ్నం హరికథకు ఒక అరగంట కూర్చోబెట్టండి, మీ పని సగం తీరుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకైతే పేర్లూ చుట్టరికాలూ ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్ళండి. ఎవరు ఎవరి కొడుకో తెలిస్తే మిగతాది నాటకంలోని హాస్యగాడే చూసుకుంటాడు. ఇంటికొచ్చాక “ఏం నేర్చుకున్నావు?” అని పరీక్ష పెట్టకండి. రెండు రోజులు పోనివ్వండి. వంటింటి గరిటె గద అయిందంటే ఎక్కిందనే లెక్క.

ఇక జాగ్రత్తలు. నీళ్ళ సీసా, టార్చి తప్పనిసరి. చీకట్లో పిల్లల్ని చెప్పుల్లేకుండా పొలం గట్ల వైపు పోనివ్వకండి, వేసవిలో తేళ్ళూ పాములూ తిరుగుతాయి. సెల్‌ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకండి, మీరూ జేబులో పెట్టుకోండి. పక్కన కూర్చుని ఫోన్ చూసే తండ్రి ఇంట్లో పడుకున్నట్టే లెక్క. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో, ఎవరిని అడగాలో ముందే ఒక గుర్తు చూపించండి.

దుర్యోధన వధ నాడు జనం ఎక్కువ. నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేసి రంగులు వేస్తారు. భీమ దుర్యోధన వేషధారులు దాని చుట్టూ, దాని మీదా పరుగులు తీస్తారు. చివరికి తొడ మీద గద దెబ్బ, ఎర్రనీళ్ళు, ద్రౌపది జుట్టు ముడి. బొమ్మను మలుస్తున్నప్పుడే పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తే తోపులాట లేకుండా తీరిగ్గా చూస్తారు. సాయంత్రం అగ్నిగుండం దగ్గర పిల్లల్ని దూరంగా, ఎత్తుగా ఉన్న చోట నిలబెట్టండి. కంకణం కట్టుకుని నిష్ఠగా ఉన్నవాళ్ళు నిప్పులు తొక్కుతారు. చంటిబిడ్డను ఎత్తుకుని దాటేవాళ్ళూ కనిపిస్తారు. ఆ పని చేయకండని చేతులు జోడించి అడుగుతున్నాను. మొక్కు మీది. కాలు జారితే కాలేది బిడ్డ.

చివరగా రెండు సంగతులు. భారతం ఉచితమంటే దానికి ఖర్చు లేదని కాదు, ఎవరో పెట్టుకుంటున్నారని. మీ చందా మీరు కట్టేయకుండా పిల్లవాడి చేత కట్టించండి. వేషగాడికి చదివింపు వాడి చేతులతోనే ఇప్పించండి. ఊరు ఇచ్చేదాన్ని తీసుకుని ఊరుకోకూడదని అప్పుడు తెలుస్తుంది. రెండోది, చాప ఎక్కడ వేయాలి, ఎవరి పిల్లల పక్కన కూర్చోవాలి అన్న ఎంపిక పిల్లలకే వదిలేయండి. “అటు వద్దు, వాళ్ళతో వద్దు” అనే మాట మీ నోట వినబడితే ఆ రాత్రి విన్న ధర్మరాజు మాటలన్నీ వృథా.

వేసవి శిబిరాలకు డబ్బు ఖర్చు. భారతానికి మీ నిద్ర ఖర్చు. ఈ ఏడాది మీ ఊళ్ళో ఉత్సవం మొదలయ్యే ధ్వజారోహణం ఎప్పుడో కనుక్కుని, రెండు రాత్రులు పిల్లల కోసం కేటాయించండి.