ఒక్క చెట్టుకు కాయ కట్టించడం

మారిషస్ అనగానే మనకు చెరకు తోటలు, అక్కడికి కూలికి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు గుర్తొస్తారు. ఆ దేశంలోనే, ప్రధాన ద్వీపానికి తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అనే మరో ద్వీపం ఉంది. విస్తీర్ణం 108 చదరపు కిలోమీటర్లు, మన మండలం ఒకదాని పాటి. కఫే మారోన్ అనే పొద ప్రపంచంలో ఆ ఒక్కచోటే పుట్టింది. శాస్త్రీయ నామం రామోస్మానియా రోడ్రిగ్సీ. కాఫీ, నూరువరహాల కుటుంబానిదే. తెల్లటి అయిదు రేకుల పూలు పూస్తుంది.

ఒకప్పటి అడవిలో మామూలు పొదే. మనుషులు అడవి కొట్టేశారు, మేకలను, పశువులను వదిలారు, బయటి మొక్కలు తెచ్చి నాటారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ పొద ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1980 ప్రాంతంలో అక్కడి బడిలో ఒక ఉపాధ్యాయుడు ద్వీపపు అరుదైన మొక్కల బొమ్మలు చూపించి, ఎక్కడైనా కనబడితే తెమ్మన్నారు. ఒక పిల్లవాడు కొమ్మ తెంపుకొచ్చాడు. మోన్ ప్లేజిర్ దగ్గర దారి పక్కన నిలిచిన చెట్టది. ఒక్కటే చెట్టు. అక్కడి నుంచి జరిగిన పనిని వరసగా చెబుతాను. ఇలాంటి పనిలో ఏ మెట్టు దగ్గర తొందరపడినా వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టే వీలుండదు, చేతిలో రెండో చెట్టు లేదు కాబట్టి.

ముందుగా చెట్టుకు కంచె కట్టాలి. వినడానికి చిన్న పనిలా ఉంటుంది కానీ చిక్కంతా ఇక్కడే మొదలైంది. తాగిన మర్నాటి తలనొప్పికీ, సుఖవ్యాధులకూ ఈ చెట్టు మందని ద్వీపంలో నమ్మకం. చెట్టు దొరికిందన్న వార్త పాకగానే జనం ఆకులకు, కొమ్మలకు రావడం మొదలుపెట్టారు. కంచె కడితే చాటుగా దాటారు, ఇంకో కంచె కట్టారు. ‘లాస్ట్ ఛాన్స్ టు సీ’ పుస్తకంలో డగ్లస్ ఆడమ్స్ ఈ కంచెల సంగతి రాశారు. కంచె పెరిగిన కొద్దీ లోపల ఉన్నది మహత్తు గలదన్న నమ్మకమూ పెరుగుతుంది. ఈ పని చేసేవాళ్లు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదేనని నా అభిప్రాయం: ఊరితో మాట్లాడకుండా కట్టిన కంచె కాపలా కన్నా ప్రకటనే ఎక్కువ చేస్తుంది.

రెండో పని కొమ్మ ముక్కలు తీయడం. కడియం నర్సరీల్లో రోజూ వందల్లో చేసే పనే. తేడా ఏమిటంటే ఇక్కడ తల్లి చెట్టు ఒకటే, అదీ బక్కచిక్కినది. కాబట్టి లేత చివరలూ కాదు, ముదురు కట్టెలూ కాదు, మధ్యరకం కొమ్మలు ఎంచుకోవాలి. కణుపుకు కాస్త కింద పదునైన కత్తితో ఒకే వేటుగా కోయాలి. నలిగితే కుళ్లుతుంది. కింది ఆకులు తీసేసి పై ఆకులను సగానికి కత్తిరిస్తే వేరు లేని ముక్క నుంచి నీళ్లు అంతగా ఆవిరైపోవు. తల్లి మీద మిగిలిన కోతకు శిలీంధ్రం పట్టకుండా చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే. ముక్కలను తడి కాగితంలో చుట్టి పాలిథీన్ సంచిలో పెట్టి నీడలో ఉంచుతారు. ఎగుమతి అనుమతులు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ముందే చేతిలో ఉండాలి. విమానాశ్రయంలో కాగితం కోసం ఆగిన గంటలు ఆకులు వాడిపోవడంలో కనబడతాయి.

1986లో అలా కొన్ని ముక్కలు లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేరాయి. అక్కడ వాటిని వేరు పట్టించారు. వేరు హార్మోన్ అద్దడం, శుభ్రమైన మాధ్యమంలో గుచ్చడం, కింద నుంచి వెచ్చదనం, పైన పొగమంచులా నీళ్లు పిచికారీ చేయడం, ఇదీ ఎక్కడైనా చేసే పద్ధతి. పంపినవాటిలో ఒక్కటే నిలబడింది. ఆ ఒక్కదాని కొమ్మల నుంచి మరికొన్ని, వాటి నుంచి ఇంకొన్ని. కొన్నేళ్లకు గాజు గదుల్లో కఫే మారోన్ కుండీలు వరుసగా నిలిచాయి. బాగా పూశాయి.

ఒక్క కాయ కూడా పట్టలేదు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఎన్ని కుండీలున్నా అన్నీ ఒకే చెట్టు. కొమ్మ నుంచి పుట్టినది తల్లికి అచ్చు నకలు. ఒక తెగులు దానికి సోకిందంటే అన్నిటికీ ఒకే ప్రమాదం. లెక్కకు వంద మొక్కలున్నాయని సంతోషించడం సులువు. నా మటుకు నకళ్లతో ఆగిపోయిన పనిని సంరక్షణ అనలేను, గడువు పొడిగించడమనే అంటాను. జాతి బతకాలంటే విత్తనం కావాలి. విత్తనంలో జన్యువులు కలిసి మారి వస్తాయి, ఒక్కో మొలకా కొద్దిగా వేరుగా ఉంటుంది.

అయితే పువ్వు తన చెట్టు పుప్పొడిని ఒప్పుకోవడం లేదు. చాలా మొక్కల్లో ఉన్న ఏర్పాటే ఇది. సొంత పుప్పొడి కీలాగ్రం (పువ్వులో పుప్పొడి అందుకునే కొన) మీద పడినా అక్కడి నుంచి పుప్పొడి గొట్టం లోపలికి దిగదు. అడ్డంకి గడప దగ్గరే ఉంది. ఇతర చెట్టు పుప్పొడి అయితే దిగుతుందేమో, కానీ ఇతర చెట్టే లేదు.

క్యూలో పనిచేస్తున్న స్పెయిన్ దేశస్థుడు కార్లోస్ మగ్దలేనా ఈ సమస్యను చేతిలోకి తీసుకున్నారు. ఆయన చేసింది ఇది: పూర్తిగా విచ్చిన పువ్వులో కీలాగ్రాన్ని సన్నటి కత్తితో తెగ్గొట్టడం, ఆ తెగిన కీలం కొన మీద పుప్పొడి అద్దడం. గడపే లేకుండా చేసినట్టు. అద్దిన ప్రతి పువ్వూ కాయదు. చాలా పూలు ఎండి రాలతాయి. ఓపికగా మళ్లీ మళ్లీ చేయడమే. దాంతోపాటు మొక్కలను ఎక్కువ వేడి, వెలుతురు తగిలే చోట ఉంచడమూ ఈ ప్రయత్నంలో భాగం. పుట్టింది ఉష్ణమండల ద్వీపంలో కదా, లండన్ గాజు గదిలో ఆకులు పచ్చగా ఉన్నాయని దానికి అన్నీ అమరినట్టు కాదు. 2003లో ఒక కాయ ఉబ్బింది, పండింది, లోపల విత్తనాలున్నాయి. ముక్కలు క్యూకు చేరి అప్పటికి పదిహేడేళ్లు.

ఎవరైనా ఇంట్లో ఇలాంటి పని చేయబోతే ఒక మాట. కీలాగ్రాన్ని ఎంత కింద కోయాలన్నదే నేర్పు. పైపైన కోస్తే అడ్డంకి మిగిలిపోతుంది, మరీ కిందికి వెళితే అండాశయానికి దెబ్బ. కత్తిని ప్రతి పువ్వుకూ స్పిరిట్‌తో తుడవాలి. ఏ పువ్వుకు ఏ రోజు ఏం చేశామో దారంతో చీటీ కట్టి రాసుకోవాలి, లేకపోతే కాయ పట్టినప్పుడు దేనివల్ల పట్టిందో తెలియదు.

విత్తనాలు మొలిచాక ఒక వింత. మొలక ఆకులు పొడవుగా, సన్నగా, గోధుమరంగు మచ్చలతో ఉన్నాయి. పెద్ద చెట్టు ఆకులేమో గుండ్రటి పచ్చటివి. కొమ్మ నుంచి పెరిగిన కుండీ మొక్కల్లో ఈ చిన్ననాటి రూపం కనబడదు, అవి పెద్దవాటి ఆకులతోనే పుడతాయి కాబట్టి. ఎందుకిలా? రోడ్రిగ్స్‌లో ఒకప్పుడు పెద్ద తాబేళ్లు గుంపులుగా తిరిగేవి. నేలకు దగ్గరగా ఉన్న లేత ఆకులు ఎండుటాకులా కనబడితే వాటి నోటి నుంచి తప్పించుకుంటాయన్నది ఒక ఊహ. ఆ తాబేళ్లను ఓడలవాళ్లు మాంసానికి మోసుకెళ్లి తుడిచిపెట్టారు, మొక్క మాత్రం ఇంకా వాటికి భయపడుతున్నట్టే పెరుగుతోంది. నర్సరీవాళ్లకు ఇందులో ఓ ఇబ్బంది ఉంది: మచ్చల ఆకుల మొలకను చూసి జబ్బు పడిందనో, కలుపు అనో తీసి పారేసే ప్రమాదం. రూపం మారే దశ దాటేవరకు ప్రతి మొలక పక్కనా పేరు చీటీ ఉండాల్సిందే.

తర్వాతి మెట్టు తిరుగు ప్రయాణం. విత్తనాలు రోడ్రిగ్స్‌కు వెళ్లాయి. మట్టితో సహా మొక్కలు పంపితే తెగుళ్లూ పురుగులూ వెళ్లే ప్రమాదం ఉంది. ద్వీపానికి అది చావుదెబ్బ కాగలదు. విత్తనమైతే కడిగి, ఆరబెట్టి, పరీక్షించి పంపవచ్చు. అక్కడ మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్‌వాళ్లు స్థానిక మొక్కల నర్సరీ నడుపుతున్నారు. నర్సరీలో పెంచిన మొక్కను నేరుగా ఎండలోకి తోయకూడదు. నీడ తగ్గించుకుంటూ, నీళ్ల మధ్య ఎడం పెంచుకుంటూ గట్టిపరచాలి.

నాటే చోటు సిద్ధం చేయడం అన్నిటికన్నా చెమటోడ్చే పని. గ్రాండ్ మోంతాయ్, ఆన్స్ కిటోర్ లాంటి రక్షిత స్థలాల్లో ముందుగా లంటానా, గులాబీ జామ లాంటి బయటి చెట్లను వేరుతో పెకలించాలి. కొట్టేసి వదిలితే మళ్లీ చిగురిస్తాయి. ఒకేసారి మొత్తం నరికితే నేల ఎండలో మాడి మరో కలుపుకు తావిస్తుంది, అందుకే విడతలుగా తీసి స్థానిక మొక్కలతో నింపుకుంటూ పోతారు. మేకలు రాకుండా కంచె వేస్తారు. కఫే మారోన్‌ను ఒంటరిగా కాక పాత అడవిలోని తోటి జాతుల మధ్య నాటాలి, ఒకే చోట కాక విడివిడి చోట్ల నాటాలి. ఒక తుఫానుకో, ఒక నిప్పుకో అన్నీ పోకుండా ఉంటాయి. హిందూ మహాసముద్రంలో ఆ వైపు తుఫాన్లు అరుదేమీ కాదు.

నాటిన ప్రతి మొక్కకూ సంఖ్య ఉన్న చీటీ, దాని తల్లి ఏదో తెలిపే రికార్డు పుస్తకం ఉంటేనే ముందుకు సాగగలం. ఎందుకంటే ఒక విత్తనపు మొలక పూసినప్పుడు, వేరే విత్తనపు మొలక పుప్పొడి తెచ్చి దానికి అద్దాలి. అన్నదమ్ములే అయినా నకళ్లు కాదు కాబట్టి, కత్తితో పని లేకుండానే కాయ పట్టే అవకాశం అక్కడ ఉంది.