విదేశమందలి బిడ్డ ధనము, స్వదేశమందలి పొలము
(సంఘ సభ్యులకు పాఠము)

కృష్ణా డెల్టాలో ధాన్యపు రాబడికి డాలర్ల రాబడి తోడైన గ్రామములు పెక్కు గలవు. 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చిన పిమ్మట మొదట వైద్యులును ఇంజనీర్లును, తరువాత కంప్యూటరు పనివారును ఈ ప్రాంతమునుండి ఆ దేశమునకు పోయిరి. మేము పైరు చూడ వచ్చినప్పుడు రైతులు తెగుళ్ళను గూర్చి ఎంతగా అడుగుదురో, అబ్బాయి పంపిన పైకమును గూర్చియు అంతగా అడుగుచున్నారు.

విజయవాడలో బెంజ్ సర్కిల్ కడ చెన్నై–కోల్‌కతా రహదారియు, హైదరాబాదు–మచిలీపట్టణము రహదారియు కలియుచున్నవి. అచ్చట రెండు దిక్కులు చూడక బండి తోలరాదు. బిడ్డ ధనమునకును రెండు దేశముల చట్టములు కలియుచున్నవి. ఒకదానిని మాత్రమే చూచినవాడు రెండవ దానిచే నష్టపడును.

1. పైకము ఏ ఖాతాలో నుండవలెను?

ఉద్యోగార్థమై విదేశమునకు పోయిన వాని పాత సేవింగ్సు ఖాతా అట్లే యుండరాదు. దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించవలెను. పొలము కౌలు, ఇంటి అద్దె, ధాన్యపు సొమ్ము మున్నగు ఈ దేశపు రాబడి అందు చేరును. దాని వడ్డీపై ఇచ్చట పన్ను కలదు. బ్యాంకువారే ముందుగా పట్టుకొందురు. విదేశమున సంపాదించి పంపిన ధనమునకు ఎన్.ఆర్.ఇ. ఖాతా తగినది. బిడ్డ ప్రవాసిగా నున్నంత కాలము దాని వడ్డీపై ఇచ్చట ఆదాయపు పన్ను లేదు. అసలును వడ్డీయు ఎప్పుడైనను తిరిగి తీసికొని పోవచ్చును. ఎన్.ఆర్.ఓ. ధనమునకు అట్టి స్వేచ్ఛ లేదు. పన్ను చెల్లించిన రుజువుతో సాలునకు 10 లక్షల డాలర్ల వరకే పంపవచ్చును.

పంటకాలువ నీటిని మురుగుకాలువలో వదలినచో మరల తోడుకొనుట శ్రమ. ఎన్.ఆర్.ఇ. ధనమును ఎన్.ఆర్.ఓ.లో కలుపుటయు నట్టిదే. గ్రామ సహకార పరపతి సంఘములకు ఈ ఖాతాలు తెరచు అధికారము లేదు గనుక సభ్యులు అధికారము గల బ్యాంకునకే పోవలెను.

2. పొలము ఎవరి పేర?

ఈ పాఠమున ముఖ్యమైన భాగ మిదియే. 1999 నాటి విదేశ మారక చట్టము క్రింది నిబంధనల ప్రకారము ప్రవాసి ఇల్లు కొనవచ్చును, ఇంటి స్థలము కొనవచ్చును. వ్యవసాయ భూమి, తోట, పొలపు టిల్లు కొనరాదు. తండ్రి దానపత్రము వ్రాసి మాగాణి నిచ్చినను పుచ్చుకొనరాదు. కాని వారసత్వముగా వచ్చినది పొందవచ్చును. దేశమున నున్నప్పుడు కొనిన దానిని ఉంచుకొనవచ్చును. అట్టి భూమిని అమ్మదలచినచో ఈ దేశమున నివసించు భారత పౌరునికే అమ్మవలెను. ఈ చట్టమును మీరినవారికి సొమ్మునకు మూడు రెట్ల వరకు జరిమానా విధింపవచ్చును.

"అట్లయిన నా పేరనే కొందును, అనుభవము మా వానిది" అని తండ్రులు కొందరు చెప్పుచున్నారు. ఇందు రెండు చిక్కులు గలవు. మొదటిది: కొడుకు ధనముతో, కొడుకు లాభము కొరకు, తండ్రి పేర మాత్రము కొనుట 1988 నాటి బినామీ చట్టమునకు లోబడవచ్చును. 2016లో సవరించిన పిమ్మట ఆ చట్టము మిక్కిలి కఠినమైనది. ఆస్తి జప్తు కావచ్చును.

రెండవది కుటుంబమునకు సంబంధించినది. కొడుకు ధనమును తండ్రికి నిజముగా దానము చేసినచో తప్పు లేదు. అట్టి దానముపై తండ్రికి పన్నును లేదు. కాని అప్పుడు పొలము నిజముగా తండ్రిదే యగును. ఒక రైతునకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కుమార్తె కలరనుకొందము. అమెరికాలోని పెద్దవాడు పంపిన 40 లక్షల రూపాయలతో తండ్రి పొలము కొని, వీలునామా వ్రాయక చనిపోయెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి ఆ పొలము నాలుగు సమాన భాగములగును. పెద్దవానికి చెందునది 10 లక్షలు పెట్టిన భాగమే. అతడు మోసపోతినని తలచును. దుక్కి దున్ని తల్లిదండ్రులను చూచుకొనిన చిన్నవాడును, సమభాగము గల చెల్లెలును తమ హక్కును విడువరు. చట్టము దృష్టిలో ఎవరిదియు తప్పు గాదు. తండ్రి మాటలతో చెప్పి కాగితముపై పెట్టకపోవుటయే తగవునకు మూలము.

కావున ధనము వచ్చిన నాడే అది దానమా, అప్పా, కుటుంబ ఖర్చునకా అని ఒక పత్రము వ్రాసికొనవలెను. పైకము బ్యాంకు ద్వారానే రావలెను. స్వార్జితము విషయమై తండ్రి ఆరోగ్యముగా నుండగనే, బిడ్డలందరికి తెలిపి వీలునామా వ్రాయవలెను. పూర్వార్జితమున్నచో న్యాయవాదిని సంప్రదింపవలెను.

3. అమెరికాకు చెప్పవలసిన లెక్క

వ్యవసాయాదాయముపై మన దేశమున ఆదాయపు పన్ను లేదు. కాని అమెరికా తన నివాసిని ప్రపంచమున ఎచ్చట సంపాదించినను లెక్క చెప్పుమనును. కౌలు ధాన్యపు సొమ్మును, ఎన్.ఆర్.ఇ. వడ్డీని కూడ అచ్చట చూపవలెను. విదేశ ఖాతాలన్నిటి మొత్తము సంవత్సరములో ఏనాడైనను 10,000 డాలర్లు మించినచో వేరొక నివేదిక పంపవలెను.

ఇందు తండ్రులు గమనింపవలసినది కలదు. "నా తరువాత వానికే గదా" యని తమ డిపాజిట్లలో అమెరికా కొడుకును జంట ఖాతాదారుగా చేర్చుచున్నారు. అంతట ఆ ఖాతా కొడుకు నివేదికలో చేరును. చెప్పనిచో జరిమానా అతనిది. 2015లో రెండు దేశములు కుదుర్చుకొనిన ఒప్పందముచే ఖాతాల సమాచారము ప్రభుత్వముల నడుమ సాగుచున్నది గనుక దాగదు. కొడుకును నామినీగా మాత్రము ఉంచినచో ఈ చిక్కు లేదు.

అట్లే పొలమమ్మి బిడ్డ ఇంటికై సొమ్ము పంపువారు సాలునకు 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చును. ఒక సంవత్సరములో 1,00,000 డాలర్లు మించిన దానమును బిడ్డ అచ్చట తెలుపవలెను. అది పన్ను గాదు, తెలుపుట మాత్రమే. తెలుపకున్న శిక్ష పెద్దది.

4. పింఛను

అమెరికాలో జీతమునుండి సోషల్ సెక్యూరిటీ పన్ను కోయుదురు. ముదిమిలో ఆ పింఛను రావలెనన్న 40 క్రెడిట్లు, అనగా సుమారు 10 సంవత్సరముల పని, కావలెను. జర్మనీ, బెల్జియము మున్నగు దేశములతో మనకు సాంఘిక భద్రతా ఒడంబడికలు గలవు, అమెరికాతో లేదు. కావున ఎనిమిదవ ఏట తిరిగి వచ్చువాడు తాను కట్టినది ఎంతో, విడచునది ఎంతో ముందే లెక్కింపవలెను. 1989 నాటి పన్ను ఒడంబడిక ప్రకారము ఆ పింఛనుపై పన్ను వేయు హక్కు చెల్లించు దేశమునకే కలదు.

401(కె) యను నిధి వేరు. సాధారణముగా 59½ ఏండ్లు నిండక ముందు తీసినచో పన్నుగాక అదనముగా 10 శాతము పోవును. తిరిగి వచ్చినవాడు తొందరపడి దానిని ఖాళీ చేయనక్కరలేదు. 2021లో వచ్చిన మార్పుచే, తగిన పత్రము గడువులోపల దాఖలు చేసినచో, నిధిలో పెరుగుదలపై ఏటేట గాక తీసికొనిన యేటనే ఇచ్చట పన్ను లెక్కింతురు. అంతకు ముందు 10 సంవత్సరములలో 9 సంవత్సరములు ప్రవాసిగా నున్నవానికి, తిరిగి వచ్చిన తొలి సంవత్సరములలో విదేశపు రాబడిపై సాధారణముగా ఇచ్చట పన్ను లేదు. ఇల్లు చేరు తేదీని నిర్ణయించుకొనుటకు ముందే లెక్కలు తెలిసినవారిని అడుగుట మేలు.

5. అధికార పత్రము

బిడ్డ పంపు అధికార పత్రము విదేశమున విధిగా ధ్రువపరుపబడవలెను. ఇచ్చటికి చేరిన మూడు నెలలలోపల దానికి స్టాంపు వేయించవలెను. సర్వాధికారములు గాక, కావలసిన పనికి మాత్రమే అధికారము వ్రాయించుట క్షేమము.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(1) మన గ్రామమున విదేశ ధనముతో కొనిన పొలములకు ధనము వచ్చిన విధమును తెలుపు పత్రములు గలవా?
(2) మన డిపాజిట్లలో విదేశపు బిడ్డలు జంట ఖాతాదారులా, నామినీలా?
(3) మనలో నెందరు వీలునామా వ్రాసితిమి? ఆ సంగతి బిడ్డలందరికి తెలియునా?

మూడవ ప్రశ్నకు సభ్యులు ఇంటికడనే సమాధానము చెప్పుకొనవచ్చును. కాని దాళ్వా కోతలలోపల చెప్పుకొనుట మంచిది.