వ్యాఖ్యాత కాబోవు గాయకునికి



నీ యుత్తరము చేరినది. ఒక టీవీ ఛానలువారు బాలబాలికల పాటలపోటీకి నిన్ను వ్యాఖ్యాతగా నుండుమని యడిగినారనియు, ఇన్నియేండ్లు సంగీతము నభ్యసించి తుదకు మైకు పట్టుకొని మాటలు చెప్పుచు నిలిచినచో గాయకుడుగా నీ యెదుగుదల ఆగిపోవునేమో యని భయమగుచున్నదనియు వ్రాసితివి. ఈ రెండు పనులను ఒక్క జీవితములోనే, ఒకదాని వలన మరొకదానికి వన్నె కలుగునట్లు నిర్వహించిన మహనీయుడు మన భాషలోనే యుండెను. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారి చరిత్రను నెమ్మదిగా తలచుకొన్నచో నీ సందేహములో సగము తీరును; మిగిలిన సగము తీరుటకే యీ లేఖ.

ఆయన 1946 జూన్ 4వ తేదీన జన్మించిరి. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. హరికథకుడు తానే పాడును, తానే కథ చెప్పును, సభలో ఎవరి మనస్సు పక్కకు తొలగినను ఒక పిట్టకథతో దానిని మరల కీర్తనలోనికి మళ్ళించును. పాటను, పాటను గూర్చిన మాటను వేరుచేయని యా సంస్కారము బాలసుబ్రహ్మణ్యముగారికి చిన్ననాటనే ఇంట అబ్బినదని నా దృఢవిశ్వాసము. 1996లో ఈటీవీలో ఆయన వ్యాఖ్యాతగాను న్యాయనిర్ణేతగాను నడిపిన పాటలపోటీ ‘పాడుతా తీయగా’ ఆరంభమైనప్పుడు తెలుగువారు దానిని అంత త్వరగా తమదిగా చేసికొనుటకు కారణము కూడ అదియే యని తోచుచున్నది. ఆ వేదికపై మనకు తరతరాలుగా పరిచితమైన కథకుడే కనబడెను.

ఆయనయు పోటీలనుండి వచ్చినవాడేనని మరువకుము. ఇంజనీరు కావలెనని చదువుకొనుచున్న యువకుడు 1964లో మద్రాసులో తెలుగువారి సాంస్కృతిక సంస్థ జరిపిన పాటలపోటీలో ప్రథమ బహుమతి పొందెను. సంగీత దర్శకులు ఎస్. పి. కోదండపాణిగారు ఆ కంఠమును గుర్తించి, చేరదీసి, 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రమునకు తొలి పాట పాడించిరి. ఆ ఉపకారమును ఆయన యెన్నడును మరువలేదు. తరువాత తాను నెలకొల్పిన రికార్డింగు థియేటరుకు కోదండపాణిగారి పేరే పెట్టుకొనిరి. ఒకరు చేయి పట్టుకొని పైకి తెచ్చినందువలన తాను నిలిచితినని యెరిగిన మనిషి, ముప్పది యేండ్ల తరువాత, పోటీకి వచ్చి వణకుచున్న పిల్లల యెదుట కూర్చుండెను. ఆ కార్యక్రమమునకు ప్రాణమంతయు ఇందులోనే యున్నది.

ఇక ఆయన పనితీరు చూడుము. పాట సంగతి వచ్చినప్పుడు దానిని వ్రాసిన కవిని, బాణీ కట్టిన సంగీత దర్శకుని, తొలుత పాడిన గాయకుని పేరెత్తి స్మరించుట ఆయనకు నియమము వంటిది. బాలిక యొకతె శకార షకారములను కలిపివేసినను, ళకారమును లకారముగా పలికినను, ఊపిరి చాలక పదమును నడుమ విరిచినను ఆయన చెవి దానిని విడిచిపెట్టెడిది కాదు. అయినను తప్పును ఎత్తిచూపి ఊరకుండక, ఆ చరణమును తామే మెల్లగా పాడి, ఊపిరి ఎక్కడ తీసికొనవలెనో చూపి, ఆ పాట రికార్డయిన నాటి ముచ్చట యొకటి చెప్పి, పాప ముఖము వికసించిన పిమ్మటనే పంపెడివారు. శాస్త్రీయ సంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసింపలేదని ఆయన బహిరంగముగానే చెప్పుకొనిరి. ‘శంకరాభరణము’ పాటలను కె. వి. మహదేవన్‌గారి సహాయకులు పుహళేంది నేర్పగా శ్రమించి నేర్చుకొని పాడి, దానికే తొలి జాతీయ పురస్కారము నందుకొనిరి. తానును కష్టపడి నేర్చినవాడనేయని చెప్పుకొను న్యాయనిర్ణేత యెదుట పిల్లలకు బెదరు సగము తగ్గుట సహజము. కన్నడమున ‘ఎదె తుంబి హాడువెను’ అను కార్యక్రమమును నడిపినప్పుడును ఆయన ఆదరము పొందెను.

నాలుగు భాషలలో ఆరు జాతీయ పురస్కారములు, పద్మశ్రీ, పద్మభూషణ్, 2020 సెప్టెంబరు 25న కన్నుమూసిన పిదప పద్మవిభూషణ్, ఇవన్నియు లోకమెరిగినవే.

నీ స్థితి వేరు. ఆయన ముప్పది యేండ్లు గానము చేసి వ్యాఖ్యాత యాయెను. నీకు వ్యాఖ్యానము ముందుగా వచ్చినది, గానమింకను రావలసియున్నది. వారమువారము ఇంటింట కనబడు ముఖమును జనులు ప్రేమింతురు. ఆ ప్రేమ నీ గొంతునకు దక్కినదని భ్రమపడినచో సాధన సడలును, సడలిన గొంతు తిరిగి రాదు. కావున షూటింగు ఎంత రాత్రివేళ ముగిసినను మరునాటి ఉదయమున శ్రుతిపెట్టె యెదుట కూర్చుండుము. ప్రతి సంచికకు ముందు పిల్లలు పాడబోవు పాటల మూలపు రికార్డులను విని, సాహిత్యమును చేతితో వ్రాసికొని, అర్థము తెలియని పదమునకు నిఘంటువు చూచి పొమ్ము. బాలసుబ్రహ్మణ్యముగారు కమల్‌హాసన్‌కు తెలుగున గాత్రదానము చేసినప్పుడు ప్రతి మాటకును ఉచ్చారణలో చూపిన శ్రద్ధను ఆలకింపుము. వ్యాఖ్యాతకు అంతకుమించిన పాఠము లేదు. వాద్యబృందమును పేరుపేరున పలుకరింపుము. ఓడిన పిల్లవాడు కన్నీరు పెట్టుకొన్నచో కెమెరాకు వీపు త్రిప్పి వానికి అడ్డముగా నిలువుము. ఆ కన్నీటిని ప్రేక్షకులకు వినోదముగా చూపుట నేను క్షమింపలేని విషయము.

భయపడక ఒప్పుకొనుమనియే నా యభిప్రాయము. అయితే సంతకము చేయుటకు ముందు రెండు మాటలు ఒప్పందములో వ్రాయించుకొనుము: ప్రతి పాటకు ముందు గీతరచయిత పేరును సంగీత దర్శకుని పేరును చెప్పుటకు నీకు సమయమీయవలెను, ఓడిన పిల్లలను వేదికపై ఏడిపించు సన్నివేశములు కల్పింపరాదు. వారు సమ్మతించిరో లేదో వెంటనే నాకు వ్రాయుము.

ఇట్లు,
నీ పెద్దనాన్న